ఇంటి కూటములకు ఇంటిమాటయు బాధ్యతయు: బెంగళూరు అగ్రపీఠాధిపతుల వారికి బహిరంగ లేఖ

బెంగళూరు అగ్రపీఠాధిపతులు, మహాపూజ్య పీటర్ మచాడో గారి సముఖమునకు,

పేరేసంద్ర పరిసరములలోని కథోలిక గృహస్థులలో ఒకడు సవినయముగా వ్రాసికొను విన్నపము.

ఈ లేఖను తపాలాలో తమకు మాత్రమే పంపుకొనవచ్చును. అయినను పత్రికాముఖమున ప్రకటించుటకు కారణము కలదు. ఇందలి విషయము నా ఒక్క యింటిది కాదు. చిక్కబళ్ళాపురము, గుడిబండ, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తెలుగు మాటలాడుచు, కన్నడము చదువుకొనుచు, కథోలిక విశ్వాసమును తరతరములుగా నిలుపుకొని వచ్చుచున్న కుటుంబములన్నిటిది. అదియుగాక, ఈ విన్నపములో తమరు చేయదగినది కొంత యుండగా మేము చేయదగినది అంతకంటె ఎక్కువగా నున్నందున, మావారును దీనిని చదువవలెనని నా కోరిక.

చెప్పదలచినది ముందే చెప్పెదను. విచారణలో వీధివీధిని కూడుచున్నట్టియు, కూడవలసియున్నట్టియు చిన్న ప్రార్థన కూటములకు రెండు సంగతులు దక్కవలెను. ఒకటి, ఇంట మాటలాడుకొను తెలుగులోనే ప్రార్థించి, సువార్త చదివి, మంచిచెడ్డలు చర్చించుకొనుటకు నిస్సంకోచమైన అనుమతియు, అందుకు తగిన పుస్తకములును. రెండవది, పరిచర్య యనదగిన నిజమైన బాధ్యత. ఈ రెండును లేని కూటమి కొంతకాలమునకు హాజరుపట్టీగా మిగులును. రెండును గల కూటమి గురువు రాలేని వారములలోను శ్రీసభను ఊరిలో నిలుపును.

బెంగళూరునుండి హైదరాబాదునకు పోవు 44వ జాతీయ రహదారిలో చిక్కబళ్ళాపురము దాటి బాగేపల్లి వైపు సాగునప్పుడు నడుమ తగులు ఊరు పేరేసంద్ర. గుడిబండకు పోవువారు ఇచ్చటనే పెద్దబాట విడిచి మరలుదురు. 2007లో కోలారునుండి వేరుపడి చిక్కబళ్ళాపురము జిల్లా యేర్పడినది. ఈ సీమలో జీవనది లేదు. చెరువు నిండిన యేడు సుభిక్షము, నిండని యేడు బోరుబావిని నమ్ముకొని అప్పులపాలగుట. బడిలోను కచేరీలోను కన్నడము, పొలములోను సంతలోను వంటింటిలోను తెలుగు. ఈ రెండు భాషల నడుమ మాకు కలహము లేదు. ఒకే నోటిలో రెండును ఇమిడియుండుట ఇచ్చటివారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇందులో కథోలికులము అత్యల్పసంఖ్యాకులము. ఒక ఊరిలో పది యిండ్లున్నచో మరియొక ఊరిలో రెండే యుండును, ఆ రెండిండ్ల వారికి దేవాలయము చేరుట ఒక పూట ప్రయాణము.

దూరమొక్కటే అడ్డమైనచో బస్సు దానిని తీర్చును. కాని మా వృత్తులు ఆదివారమును ఎరుగవు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంతకు గూళ్ళు పంపు కుటుంబమును చూడుడు. పురుగులకు నాలుగవ జ్వరము, అనగా పొర విడుచు నిద్ర, తీరి అవి లేచినపిమ్మట వారము రోజులు ఆ యింటికి పగలు రాత్రి భేదముండదు; పుట్టినది మొదలు గూడు కట్టువరకు పురుగు తిను ఆకులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు ఆ కొద్ది దినములలోనే తినివేయును. ఆకు కోయుట, మేత వేయుట, పెంట తీయుట, పండిన పురుగులను ఏరి గూళ్ళు కట్టు చంద్రికలమీదికి చేర్చుట, ఇన్ని పనులలో ఒక్క పూట ఏమరినను నెల శ్రమ మట్టిపాలగును. ఆ వారములో పడిన ఆదివారమున ఇంటివారందరును తలుపు వేసికొని ఇరువది కిలోమీటర్లు పోయి పూజలో పాల్గొనవలెననుట ధర్మమే గాని సాధ్యము కాదు. అట్టి యింటికి ఆ సాయంకాలము పొరుగు కుటుంబములు నాలుగు నడచి వచ్చి, ఆకు కోయుటలో ఒక చేయి వేసి, పురుగుల పాక వాకిటనే కూర్చుండి ఆనాటి సువార్త చదివికొని ప్రార్థించినచో, ఆ యింట ఆదివారము జరిగినట్లే గదా.

ఇది నా సొంత సిద్ధాంతము గాదు. 1983లో ప్రకటింపబడిన కానన్ ధర్మశాస్త్రము 1248వ నిబంధన రెండవ భాగములో, గురువు లేకపోవుటచేతనో మరియొక గంభీరమైన కారణముచేతనో దివ్యబలిపూజలో పాల్గొనుట సాధ్యము కానప్పుడు, విశ్వాసులు వాక్యారాధనలో పాల్గొనవలెననియు, లేదా ఒంటరిగాగాని, కుటుంబముగాగాని, వీలైనచోట కొన్ని కుటుంబములు కలిసిగాని తగినంతసేపు ప్రార్థనలో గడపవలెననియు గట్టిగా సిఫారసు చేయుచున్నది. ఆ కొన్ని కుటుంబముల కలయికకే నేటివారు చిన్న క్రైస్తవ సమాజమని పేరు పెట్టిరి. ఆరవ పౌలు పోపుగారు 1975 డిసెంబరు 8న వెలువరించిన సువార్తా ప్రబోధ పత్రములో ఇట్టి సమాజములను గూర్చి విపులముగా వ్రాసి, శ్రీసభతో ఐక్యమై దానిని పోషించు సమాజములు వేరు, కాపరులను ధిక్కరించి విడిపోవు గుంపులు వేరు అని తేల్చి చెప్పిరి. ఆసియా పీఠాధిపతుల సమాఖ్య 1990లో బాందుంగ్ నగరమున సమావేశమై, ఈ ఖండమున శ్రీసభ చిన్నచిన్న సమాజముల కలయికయై వర్ధిల్లవలెనని నిర్ణయించెను. రోమీయులకు వ్రాసిన లేఖ చివరి యధ్యాయమున పౌలు అపోస్తలుడు ప్రిస్కిల్లా అకులల యింట కూడు సంఘమునకు వందనములు పంపినాడు. దేవాలయ గోపురము లేచుటకు ఎన్నో శతాబ్దములకు ముందే ఇంటివసారాలో శ్రీసభ యుండెను.

మా సీమ చరిత్ర దీనికి మరింత దగ్గరి సాక్ష్యము చెప్పుచున్నది. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున పుదుచ్చేరినుండి బయలుదేరిన ఫ్రెంచి జెస్విట్ గురువులు కర్ణాటక మిషను అను పేరున పుంగనూరు మొదలు మా బల్లాపురముల వరకు తిరిగిరి. కాషాయము కట్టి, మాంసము విడిచి, సన్యాసుల పద్ధతిని బ్రదికి, తెలుగును సంస్కృతమును నేర్చిరి. పారిసులో 1702 మొదలుకొని సంపుటములుగా అచ్చయిన వారి లేఖలలో చిన్నబల్లాపురము, అనగా మా చిక్కబళ్ళాపురము, పేరు కనబడును. వారిలో జాన్ కల్మెట్ అను గురువు వేదములను సంపాదించి ఫ్రాన్సు రాజుగారి గ్రంథాలయమునకు పంపించెను. 1732లో ఈ దేశమునకు వచ్చిన గాస్తోన్ లోరాన్ కూర్దూ తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువును కూర్చి, సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో గల చుట్టరికమును 1767లో పారిసు పండితుల దృష్టికి తెచ్చెను. అదే శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రమును వేదాంత రసాయనమను తెలుగు ప్రబంధముగా రచించెను. ఈ నేలపై కథోలిక విశ్వాసము మొదటినుండియు తెలుగులో మాటలాడినదని చెప్పుటకు ఈ మాత్రము చాలును.

ఇంతటి విద్వాంసులు నాటిన మొక్కకు గాలివాన త్వరలోనే తగిలినది. 1773లో పోపు పదునాలుగవ క్లెమెంటుగారు జెస్విట్ సభను రద్దుచేసిరి. పారిసు విదేశీ మిషను గురువులు ఆ భారమును తలకెత్తుకొనిరిగాని వారి సంఖ్య పనికి చాలినది కాదు. హైదరు టిప్పుల కాలపు యుద్ధములు, కరవులు, దండుల రాకపోకలు ఊళ్ళను ఖాళీ చేసినవి. రాయలసీమలోని మద్దిగుబ్బ, ఆలమూరు వంటి ఊళ్ళలో విశ్వాసమును స్వీకరించిన కాపు కుటుంబములు కొన్ని బండ్లు కట్టుకొని గుంటూరు సీమకు తరలిపోయినవి. నేడు ఫిరంగిపురమున కనబడు కథోలిక వైభవమునకు మూలము ఆ వలసలలోనున్నది. శ్రీరంగపట్టణము 1799లో పడిపోయినపిమ్మట మైసూరు దేశమునకు వచ్చి 1823 వరకు పాటుపడిన అబ్బే దుబాయి వంటి గురువులు చెదరిన మందను వెదకికొనుచు తిరుగవలసినవారైరి.

ఇంతకాలము ఆ విశ్వాసమును నిలిపినదెవరు? ఏండ్లకొక మారు గురువు కనబడినచో అదే భాగ్యమనుకొను దినములలో బిడ్డలకు జపములు నేర్పినది తల్లులు. మరణాసన్నులకు జ్ఞానస్నానమిచ్చినది, పీనుగులకు ప్రార్థన చెప్పి పాతిపెట్టినది, పండుగ నాడు పదిమందిని కూడగట్టినది ఊరి ఉపదేశి. అతడు చదివినది కొంచెము, అతనికి జీతము లేదు, లేక యున్నను అది పేరునకే. పెద్ద సంస్థ కూలినప్పుడు చిన్న కూటమి నిలిచెను. అట్టి చరిత్రగల సీమలో ఇంటి కూటమిని విచారణకు అనుబంధముగా, ఖాళీ దొరికినప్పుడు నడుపు వేడుకగా ఎంచుట తగదు.

ఇక భాష మాట. ఏలినవారి మేత్రాసనములో కన్నడము, తమిళము, కొంకణి, మలయాళము, ఆంగ్లము, తెలుగు మాటలాడు జనులందరును ఉన్నారు. పూజ ఏ భాషలో జరుగవలెనను తగవు ఈ మేత్రాసనమును ఎన్ని యేండ్లు ఎంతగా బాధించినదో తమకు విన్నవింపనక్కరలేదు. అందుచేత ఒక సంగతి స్పష్టముగా చెప్పుచున్నాను. దేవాలయములో జరుగు దివ్యబలిపూజ భాషను మార్చుడని మేము కోరుటలేదు. కన్నడము ఈ రాష్ట్రపు భాష, మా బిడ్డల చదువు భాష, మేమును మనసార పాడుకొను భాష. మా విన్నపము ఇంటి వాకిటవరకే. రోజంతయు కూలిచేసి వచ్చిన ముసలితల్లి తన కోడలి జబ్బును గూర్చియు, కొడుకు త్రాగుడును గూర్చియు దేవునితో చెప్పుకొనునప్పుడు ఏ మాట నోటికి వచ్చునో ఆ మాటలోనే కూటమి సాగనిండు. అచ్చు పుస్తకపు కన్నడములో ప్రార్థన చదువుమని ఆమెను నిలబెట్టినచో, ఆమె తప్పులు పోవునేమోనని భయపడి, మరుసటి వారము పనియున్నదని చెప్పి రాకుండును. కూటమిలో చదువుకొన్నవారు నలుగురే మిగిలి, వారే చదివి, వారే వ్యాఖ్యానించి, వారే పెత్తనము చేయుదురు.

అపోస్తలుల కార్యముల ఆరవ యధ్యాయము ఈ విషయమున మాకు ఆధారము. యెరూషలేములో శిష్యుల సంఖ్య పెరిగినప్పుడు, గ్రీకు మాటలాడు యూదులు తమ విధవలను దినదినము జరుగు పంపకములో చిన్నచూపు చూచుచున్నారని హెబ్రీయులమీద సణిగిరి. అపోస్తలులు ఆ సణుగుడును అవిధేయతగా కొట్టివేయలేదు. భాషా దురభిమానమని మందలింపలేదు. సమూహమునంతటిని పిలిచి, మీలోనుండి ఏడుగురిని మీరే యేర్పరచుకొనుడని చెప్పి, వారు ఎన్నుకొన్నవారిమీద చేతులుంచి ప్రార్థించిరి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నికానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు అను ఆ యేడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అనగా అన్యాయము ఎవరికి జరిగినదో ఆ పక్షమువారి చేతికే పంపకపు బాధ్యత అప్పగింపబడెను. శ్రీసభలో పరిచర్యకు ఆద్యమని పెద్దలు చూపు ఆ ఘట్టమున భాష, ఆకలి, ఎన్నిక, అధికారము నాలుగును కలిసియున్నవి. వానిలో ఒకదానిని మాత్రమే తీసికొని తక్కిన మూడింటిని విడుచుట న్యాయము కాదు.

పొరుగువారిని చూచియు మేము నేర్చుకొనవచ్చును. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారాయణప్ప తాతయ్య తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పినాడు. ఆయన కీర్తనలను భజన కూటములలో రాత్రులందు పాడు రైతులును కూలివారును తెలుగు అక్షరము నేర్చినవారు కారు. ఆ తెలుగు కీర్తనలు కన్నడ లిపిలో అచ్చుపడియున్నవి, వాటిని చూచి పాడుకొందురు. మా బిడ్డలదియు ఇదే స్థితి. మాట తెలుగు, చదువు కన్నడ లిపి. కావున ఆంధ్ర తెలంగాణముల కథోలిక ముద్రణాలయములలో దొరకు పుస్తకములను తెచ్చి పంచినంతమాత్రమున కార్యము తీరదు. ఆదివారపు సువార్త పాఠములు, జపమాల, సిలువమార్గము, వ్యాధిగ్రస్తులయొద్ద చెప్పు ప్రార్థనలు, నలువది యేబది పాటలు, ఇవన్నియు తెలుగు మాటలలో కన్నడ లిపిలో ఒక చిన్న పుస్తకముగా వచ్చినచో అది మా ప్రతి యింట పనికివచ్చును. దీనికై క్రొత్తగా అనువదింపవలసినది ఏమియు లేదు. సికింద్రాబాదులోని అమృతవాణి కేంద్రముద్వారా తెలుగు పీఠాధిపతుల సమాఖ్య ఏండ్ల తరబడి సిద్ధపరచిన గ్రంథములున్నవి. బాగేపల్లి దాటినంతనే అనంతపురపు సీమ, అది కర్నూలు మేత్రాసనము. చింతామణికి తూర్పున చిత్తూరు సీమ, అది కడప మేత్రాసనము. ఆ రెండు మేత్రాసనముల పీఠాధిపతులతో తమరొక్క మాట చెప్పినచో పుస్తకములకు మూలము దొరకును, మా కూటముల నాయకులకు అక్కడి అనుభవజ్ఞులైన ఉపదేశుల సాహాయ్యమును లభించును. రాష్ట్రముల ఎల్లలు గీచినది ప్రభుత్వము. పెండ్లి సంబంధములకు ఆ యెల్లలు మాకెన్నడును అడ్డము కాలేదు.

పరిచర్యను గూర్చి మరికొంత విన్నవించుకొనవలెను. విచారణలలో గాయక బృందము, మరియదళము, విన్సెంట్ డి పాల్ సభ, యువజన సంఘము, స్త్రీల సంఘము మొదలగునవి ఆయాచోట్ల పనిచేయుచున్నవి. ఫ్రెడరిక్ ఓజానాము మిత్రులతో 1833లో పారిసులో స్థాపించిన విన్సెంట్ డి పాల్ సభ బీదవాని యింటికి స్వయముగా పోయి చూచుటను నియమముగా పెట్టుకొన్నది. ఫ్రాంక్ డఫ్ 1921లో డబ్లిన్‌లో నెలకొల్పిన మరియదళము ఇద్దరిద్దరుగా ఇండ్లు దర్శించు ఆచారమును నేటికిని విడువలేదు. ఈ రెండును మొదట చిన్న కూటములుగా పుట్టినవే. కాని నేడు ఒక్కొక్కచోట సంఘములు హెచ్చుకొలది పని తగ్గుచున్నది. ఒకే పదిమంది అన్ని సంఘములలోను సభ్యులై, పండుగనాడు తోరణములు కట్టుటయందును, పీఠాధిపతుల వారికి స్వాగతము పలుకుటయందును అలసిపోవుదురు. రోగియొద్దకు పోవుటకు ఎవరికిని తీరిక దొరకదు. సంఘముల పేర్లు పెంచుటకు బదులు, ప్రతి కూటమిలో నలుగురికి నాలుగు పనులు నిర్ణయించుట మేలు: ఒకరు వాక్యము చదివి కూటమిని నడుపువారు, ఒకరు రోగులను వృద్ధులను దర్శించువారు, ఒకరు పిల్లలకు ఉపదేశము చెప్పువారు, ఒకరు కష్టములోనున్న యింటికి సహాయము చేర్చువారు. పింఛను కాగితము పూర్తిచేయలేని విధవరాలు, బడి మానిన పిల్లవాడు, ఫ్లోరైడు నీరు త్రాగి కాళ్ళు బిగుసుకొనిన ముసలివాడు, వీరు నాలుగవవాని బాధ్యతలోనివారు. వారు కథోలికులా కాదా అని అడుగుట ఆ బాధ్యతలో చేరదు.

దక్షిణాఫ్రికాలోని లుంకో సంస్థ వ్యాపింపజేసిన సువార్త పఠన పద్ధతి యేడు మెట్లుగా నడచును: ప్రభువును ఆహ్వానించుట, పాఠము చదువుట, మనసునకు తగిలిన మాటలను మరల పలుకుట, మౌనముగా నుండుట, తోచినది చెప్పుకొనుట, చేయవలసిన పనిని నిర్ణయించుట, ప్రార్థించి ముగించుట. చదువురానివారికిని ఇది సుకరము. ఒకరు చదివిన చాలును, తక్కినవారు విని ఒక్క మాట పట్టుకొందురు. కాని ఆరవ మెట్టును దాటవేసి ఐదవదానినుండి యేడవదానికి దుముకుట సర్వసాధారణమైన లోపము. పని నిర్ణయింపని కూటమి ఓదార్పునిచ్చును. అది మంచిదే, కాని చాలదు. కడచిన వారము ఒప్పుకొనిన పని జరిగినదా లేదా అని అడుగుటతో ప్రతి కూటమియు ఆరంభింపవలెనని నా యభిప్రాయము.

శ్రీసభ పెద్దలు ఈ బాధ్యతకు ద్వారములు తెరచియే యున్నారు. ఆరవ పౌలు పోపుగారు 1972లో పాఠకుల, పీఠపరిచారకుల పరిచర్యలను గురుపట్టమునకు పోవువారికి మాత్రమే గాక గృహస్థులకును తగిన పరిచర్యలుగా నిర్ణయించిరి. ఫ్రాన్సిస్ పోపుగారు 2021 జనవరిలో వానిని స్త్రీలకును తెరచి, అదే సంవత్సరము మే 10న ఉపదేశుల పరిచర్యను శాశ్వతమైన హోదాగా నెలకొల్పిరి. మా కూటములలో మూడు పాళ్ళు స్త్రీలే యుందురు, పనియు వారే చేయుదురు; అధ్యక్షత మాత్రము మగవారిది. రోము నగరము అంగీకరించినదానిని మా వీధి అంగీకరింపకపోవుట విడ్డూరము. తమరు మా ప్రాంతపు స్త్రీలను కొందరిని ఉపదేశులుగా విధివిహితముగా నియమించి, దేవాలయములో పదిమంది యెదుట చేతికి గ్రంథమిచ్చి పంపినచో ఆ విడ్డూరము ఒక్కనాటితో సగము తీరును.

మా లోపములను గూర్చి తమ యెదుట మౌనము వహించుట కపటము. కర్ణాటక మిషను గురువుల త్యాగమును పైన కొనియాడితిని. కాని వారు కులపు గోడకు తలవంచిరనుటయు చరిత్రయే. పుదుచ్చేరికి వచ్చిన పోపుగారి ప్రతినిధి టూర్నోన్ 1704లో వెలువరించిన శాసనము తప్పుపట్టిన సంగతులలో, మాలపల్లెలలో జబ్బుపడినవారి యిండ్లకు గురువులు పోయి సంస్కారములు ఇయ్యకపోవుట ఒకటి. ఆ శాసనముపై రేగిన వివాదము 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపుగారి శాసనముతో ముగిసినను, కులపు వ్యాధి ముగియలేదు. భారత కథోలిక పీఠాధిపతుల సభ దళితుల అభ్యున్నతికై ఒక విధానపత్రమును 2016లో వెలువరింపవలసి వచ్చుటయే అందుకు నిదర్శనము. ఇంటి కూటమిలో ఈ వ్యాధి మరింత సులభముగా ప్రవేశించును. ఎవరి వీధివారు వారి వీధిలో కూడినచో కూటమి కులసభగా మారుటకు ఎంతోసేపు పట్టదు. కావున కూటముల హద్దులు గీచునప్పుడు రెండు వీధులు కలియునట్లు గీయవలెను. కూడుట వంతులవారీగా ప్రతి యింటను జరుగవలెను. ఆ యింట పోసిన నీళ్ళు అందరును త్రాగవలెను. ఒక యింట కూడుటకు ఎవరైనను వెనుదీసినచో, ఆ సంగతి విచారణకర్తల దృష్టికి దాపరికము లేక పోవలెను.

ఇక తమరిని కోరునవి నాలుగు. మొదటిది, పైన చెప్పిన కన్నడ లిపిలోని తెలుగు ప్రార్థన పుస్తకమును అచ్చు వేయించుట. రెండవది, కూటముల నాయకులకు శిక్షణను బెంగళూరులో గాక చిక్కబళ్ళాపురములోనో బాగేపల్లిలోనో, కోతలు ముగిసిన దినములలో, కూలి పోనక్కరలేని వేళలలో జరిపించుట. అందులో సగము స్థానములు స్త్రీలకును, తగినన్ని భూమిలేని కుటుంబములకును ఉంచుట. ఎవరును మూడేండ్లకు మించి నాయకత్వమున ఉండకుండునట్లు నియమము చేయుట. మూడవది, కానన్ ధర్మశాస్త్రము 536వ నిబంధన పీఠాధిపతుల విచక్షణకు విడిచిన విచారణ సలహా సభను ప్రతి విచారణలోను తప్పనిసరి చేసి, అందులో ప్రతి కూటమికి, ఆ కూటమియే యెన్నుకొనిన ప్రతినిధి యుండునట్లు ఆజ్ఞాపించుట. 2024 అక్టోబరులో ముగిసిన సినడు మహాసభయు ఇట్టి సభలు తప్పనిసరి కావలెననియే కోరినది. నాలుగవది, తమ విచారణ సందర్శనములలో దేవాలయపు స్వాగత సభ కొంత కుదించియైనను, ఒక సాయంకాలము ఒక యింటి కూటమిలో నేలమీద కూర్చుండి వినుట. తమరికి మా తెలుగు పూర్తిగా అర్థము కాకపోయినను కొరత లేదు. తమయెదుట తెలుగులో ప్రార్థించినను తప్పు లేదని మావారికి ఆనాడు తెలియును.

మా వంతు మాటయు ఇచ్చట వ్రాసి పెట్టుచున్నాను, రేపు మమ్మడుగుటకు వీలుగా. కూటములు విచారణకు పోటీగా నడువవు. దేవాలయము చేరగలిగిన ఆదివారమున కూటమి నెపమున పూజ మానుట జరుగదు. కూటమి పేర చీట్లు నడుపుట, అప్పులిచ్చుట, ఎన్నికల వేళ ఏ పక్షమునకైన ఓట్లు కూడబెట్టుట ఉండవు. చేరిన కానుకల లెక్క ప్రతి మాసము కూటమిలో చదువబడును. కొట్లాడుకొని మాటలు మానిన కుటుంబములు ఒకే కూటమిలో ఉన్నచో, వారిని కలుపుటకు ప్రయత్నింపక ముందే వేరు కూటమి పెట్టుట జరుగదు.

పేరేసంద్ర, గుడిబండ, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల కథోలిక సోదరీసోదరులారా, ఈ లేఖకు ఏలినవారి సమాధానము వచ్చువరకు వేచియుండుట అవసరము లేదు. నాలుగు కుటుంబములు కూడి సువార్త చదువుకొనుటకు శ్రీసభ అనుమతి ఎన్నడో ఇచ్చియున్నది. మీకు సమీపమున నున్న కథోలిక యిల్లు ఏదో, ఆ యింట జబ్బుపడినవారెవరో, ఈ ఆదివారము దేవాలయమునకు పోలేనివారెవరో మొదట కనుగొనుడు. అక్కడ కూడుడు, మీకు వచ్చిన మాటలలో ప్రార్థించుడు, లేచునప్పుడు ఒక పని ఒప్పుకొని లేవుడు. ఏలినవారు పుస్తకమును శిక్షణయు అనుగ్రహించునాటికి కూటములు సిద్ధముగా నుండవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పేరేసంద్ర పరిసరవాసి యగు ఒక కథోలిక గృహస్థుడు